నీళ్లు విరగని ఇనుము

1988 వేసవిలో మా ఇంట్లో కిరోసిన్ మాయమైంది. రేషన్ షాపు ముందు గంటసేపు నిలబడి తెచ్చుకున్న నీలి కిరోసిన్. అమ్మ డబ్బా ఊపి చూసింది, మూత తీసి చూసింది, చివరికి పెరట్లోకి వచ్చి చూసింది. అక్కడ నాన్న లుంగీ ఎగగట్టి, పీట మీద కూర్చుని, మా బజాజ్ చేతక్ స్కూటరు పక్కన బిగించే రేకు డొప్పకు స్నానం చేయిస్తున్నారు.

"రాత్రికి స్టవ్వు వెలగకపోతే ఈ డొప్పే వండుకుని తిందాం" అంది అమ్మ.

"జిడ్డు మీద వేసిన రంగు నిలవదే" అన్నారు నాన్న తల ఎత్తకుండా.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఆ పూట మేము పక్కింటి నుంచి అరువు తెచ్చుకున్న కిరోసిన్‌తో అన్నం వండుకున్నాం.

అప్పట్లో మేము విశాఖపట్నంలో సింధియా దగ్గర ఉండేవాళ్లం. 1941లో అక్కడ ఓడల నిర్మాణానికి పునాది వేసిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పేరు అది. తరువాత ప్రభుత్వం చేతికి వచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డు అయినా, ఆ ప్రాంతానికి మాత్రం పాత పేరే ఉండిపోయింది. నాన్న యార్డులో పెయింటింగ్ విభాగంలో పనిచేసేవారు. బడిలో ఎవరైనా అడిగితే "మా నాన్న ఓడలకు రంగులేస్తారు" అని చెప్పేదాన్ని. పండక్కి గోడలకు సున్నం వేసినట్టే అదీ ఉంటుందనుకునేదాన్ని. రంగు వేయడం ఆ పనిలో చిట్టచివరి, అన్నిటికన్నా తేలికైన భాగమని ఆ వేసవిలోగాని తెలియలేదు.

మా వీధిలో ఇనుము బతకడం కష్టం. గేటు బందులు, బకెట్టు చేద, కిటికీ ఊచలు, సైకిలు చువ్వలు, ఆఖరికి అమ్మ జడపిన్నులు, ఏదీ రెండు వర్షాకాలాలు చూసేది కాదు. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. అది ఇనుము మీద వాలుతుంది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, వాన పడకపోయినా ఇనుము మీద కంటికి కనపడని తడి పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మంచినీళ్ల తడికన్నా ఉప్పునీళ్ల తడిలో తుప్పు చాలా వేగంగా నడుస్తుంది. మా తాతయ్య ఊళ్లో ఆముదం చేత్తో ఒకసారి తడిమి చూరులో దోపిన కొడవలి ఏళ్లకేళ్లు అలాగే ఉండేది. అదే కొడవలి మా పెరట్లో ఒక నెలకే ఎర్రబడింది.

స్కూటరు కోసం నాన్న 1979లో పేరు నమోదు చేసుకుంటే 1985లో చేతికి వచ్చింది. ఆరేళ్లు ఎదురుచూసిన బండి. దానికి మూడో ఏట జబ్బు బయటపడింది. కాళ్లు పెట్టుకునే చోట అల్యూమినియం పట్టీలు, వాటి మధ్య నల్ల రబ్బరు ఉండేవి గుర్తుందా? వాన నీరు, చెప్పుల ఇసుక ఆ పట్టీల కిందికి చేరి అక్కడే కాపురం పెడతాయి. పైకి బండి నిగనిగలాడుతూనే ఉంది. ఒక ఆదివారం తుడుస్తూ తుడుస్తూ నాన్న బొటనవేలితో ఒకచోట నొక్కారు. అప్పడం విరిగిన చప్పుడు వచ్చింది. స్క్రూడ్రైవరు మొనతో ఆ రంగు బొబ్బను పొడిచి ఎత్తితే కింద పొరలు పొరలుగా గోధుమరంగు పొట్టు. తుప్పు అయ్యాక ఇనుము ఉబ్బుతుంది, ముందున్న దానికన్నా ఎక్కువ చోటు అడుగుతుంది, అందుకే మీది రంగును పైకి తోసేస్తుంది. బొబ్బ కనపడిందంటే కింద పని మొదలై చాలా రోజులైందన్నమాట.

నాన్న మరునాడే సెలవు పెట్టారు. పెళ్లిళ్లకు కూడా సెలవు పెట్టని మనిషి అని అమ్మ ఈ సంగతిని చాలా ఏళ్లపాటు సందర్భం వచ్చినప్పుడల్లా తీసేది.

పూర్ణా మార్కెట్ నుంచి రెడ్ ఆక్సైడ్ ప్రైమరు డబ్బా (అసలు రంగుకు ముందు ఇనుము మీద వేసే ఎర్రని అడుగుపూత), థిన్నరు, పెయింట్ రిమూవరు, గరుకు కాగితాలు, ఇనుప తీగ బ్రష్షు వచ్చాయి. "యార్డులో పీపాలకొద్దీ ఉంటాయి కదా, ఒక డబ్బా తేకూడదూ" అని మా మేనమామ అన్నాడు. నాన్న ఆయన వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. మళ్లీ ఆ మాట మా ఇంట్లో రాలేదు.

రిమూవరు పూసిన కాసేపటికి రంగు పాల మీది మీగడలా ముడుచుకుంటుంది. దాన్ని చెక్క బద్దతో గీకి తీసేయడం నా పని. ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను కాబట్టి నన్ను సహాయకురాలిగా నియమించారు. రంగు పోయాక తుప్పు మిగులుతుంది. దాన్ని తీగ బ్రష్షుతో రుద్దాలి, ఆపైన గరుకు కాగితంతో. మొదట ముతక రకం, తరువాత సన్నది. "అయిపోయింది నాన్నా" అంటే ఆయన వచ్చి, రేకును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని, "రెండున్నర రాలేదు" అనేవారు.

ఈ రెండున్నర మా ఇంటి మాట అయిపోయింది. ఉక్కు ఎంత శుభ్రంగా ఉందో చెప్పడానికి స్వీడన్ వాళ్లు పెట్టిన కొలమానం అది. ఓడల పలకలను సన్నని ఇనుప గుళికలతో, గాలి పీడనంతో కొట్టి శుభ్రం చేస్తారు. ఆ శుభ్రతకు ఒకటి, రెండు, రెండున్నర, మూడు అని శ్రేణులు. మూడు అంటే మచ్చ లేని ఉక్కు, రెండున్నర అంటే దాదాపు అంతే, అక్కడక్కడా నీడలాంటి మరక తప్ప ఏమీ ఉండకూడదు. ఓడకు సాధారణంగా రెండున్నర అడుగుతారు. చేత్తో రుద్దితే నిజానికి రెండున్నర రాదు. చేతిపనికి వేరే కొలత ఉందని నాన్నే చెప్పారు. పోనీ గుళికలతో కొట్టిద్దామా అంటే స్కూటరు రేకు అంత దెబ్బకు వంకర తిరిగిపోతుంది, ఓడ పలకలా వేలెడు మందం కాదు కదా. అయినా ఆయన నోట ఆ మాటే వచ్చేది. కొన్నాళ్లకు అమ్మ గిన్నెలు తోమి బోర్లిస్తూ "చూడండి, రెండున్నర వచ్చిందా?" అనడం మొదలుపెట్టింది.

రుద్దడం అయ్యాక కిరోసిన్‌తో కడగడం, అది ఆరాక థిన్నరు తడిపిన గుడ్డతో తుడవడం. కిరోసిన్ జిడ్డు తీస్తుంది కానీ తన జిడ్డు కొంచెం వదిలిపోతుంది. తుడిచేటప్పుడు గుడ్డ మడత మారుస్తూ ఉండాలి, లేకపోతే ఇక్కడి జిడ్డు తీసి అక్కడ రాసినట్టే. అప్పుడు పరీక్ష. నాన్న మగ్గుతో శుభ్రమైన నీళ్లు తీసుకుని, రేకును ఏటవాలుగా పట్టుకుని పై అంచు నుంచి పోసేవారు. రేకు నిజంగా శుభ్రంగా ఉంటే నీళ్లు అద్దంలా, ఒకే పొరగా పరుచుకుని జారతాయి. ఎక్కడైనా వేలిముద్రంత జిడ్డు ఉన్నా అక్కడ పొర చీలిపోతుంది, నీళ్లు చుక్కలుగా ముడుచుకుంటాయి, తామరాకు మీద ముడుచుకున్నట్టు. "నీళ్లు విరిగాయి" అనేవారు నాన్న, పాలు విరిగాయన్నట్టు. విరిగితే మళ్లీ తుడవాలి.

ఎడమ డొప్ప మొదటిసారి పరీక్ష నెగ్గిన సాయంత్రం నేనొక ఘనకార్యం చేశాను. నీళ్లు తుడిచి, ఎండలో ఆరబెట్టి, నాన్న ప్రైమరు డబ్బా మూత తీయబోతుంటే వీధి చివర ఎవరికో బాగాలేదని కబురు వచ్చింది. ఆయన చొక్కా తగిలించుకుని వెళ్లిపోయారు. నేనూ డొప్పా మిగిలాం. అంతవరకు రంగు లేని ఇనుమును అంత దగ్గరగా చూడలేదు. ఇనుము అంటే నలుపో ఎరుపో అనుకునేదాన్ని. అది వెండికీ బూడిదకూ మధ్య రంగులో, పడమటి వెలుగులో నీటి మీది మెరుపులా ఉంది. అరచెయ్యి మొత్తం ఆనించాను. చల్లగా, పాము కుబుసంలా నున్నగా ఉంది.

నాన్న ఆ రాత్రి పొద్దుపోయాక వచ్చారు. దీపం వెలుతురులో ప్రైమరు వేయలేక, డొప్పను దుప్పట్లో చుట్టి వంటింట్లో, పొయ్యి గట్టు మీద పెట్టారు. యార్డులో అయితే ఇది నేరం. శుభ్రం చేసిన ఉక్కు మీద కొన్ని గంటల్లోపే ప్రైమరు పడాలి, మామూలుగా నాలుగు గంటలంటారు, బట్టబయలు ఇనుమును రాత్రికి వదిలేయకూడదు. తెల్లవారి దుప్పటి విప్పితే మధ్యలో నా చెయ్యి ఉంది. ఐదు వేళ్లు, అరచేతి దిండ్లు, చిటికెన వేలు దగ్గర పాత గాయపు గీత సహా, లేత ఇటుక రంగులో, అచ్చు గుద్దినట్టు. మిగతా రేకంతా శుభ్రంగానే ఉంది. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది కదా. సముద్రం ఏళ్లకేళ్లు చేసే పనిని నేను ఒక్క సాయంత్రంలో చేశాను.

తిడతారనుకున్నాను. నాన్న అమ్మను పిలిచి చూపించారు. "దీని చేతికి ఇనుము పడదు" అన్నారు. మెషిన్ షాపులో కూడా కొందరి చేతులు అలాగే ఉంటాయట, వాళ్లు ముట్టుకున్న బేరింగు మరునాటికి ముద్ర చూపిస్తుందట. "మీ అమ్మ పోలిక" అని కూడా అన్నారు. కిరోసిన్ గొడవకు అది బదులని అమ్మకు తెలుసు. నాకు గరుకు కాగితం ఇచ్చారు. ఆ చెయ్యి చెరపడానికి నాకు ఆ ఉదయమంతా పట్టింది. వేళ్లు సులభంగానే పోయాయి, బొటనవేలి మొదట్లో ఒక చుక్క మాత్రం చాలాసేపు మొండికేసింది.

ప్రైమరు వేయడానికీ ముహూర్తం ఉండేది. తెల్లవారుజామున కాదు, అప్పుడు రేకు చల్లగా ఉండి చల్లని మంచినీళ్ల గ్లాసులా చెమటపడుతుంది. గాలిలో తేమ 85 శాతం దాటితే యార్డులో రంగు ఆపేస్తారు, ఉక్కు వేడి కూడా మంచు పట్టే స్థాయికన్నా కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలి. మా ఇంట్లో కొలిచే పరికరం లేదు. నాన్న రేకును తడిగుడ్డతో ఒకచోట తుడిచి, ఆ తడి ఎంతసేపట్లో ఆరుతుందో చూసేవారు. పది గంటలయ్యాకే బ్రష్షు ముట్టుకునేవారు.

ఆయన మొదట డొప్ప మధ్యలో వేయలేదు. అంచులకు వేశారు. బోల్టు రంధ్రాల చుట్టూ, మడతల్లో, వెల్డింగు గీతల మీద, సన్నని బ్రష్షుతో. "రంగు తడిగా ఉన్నప్పుడు పదునైన అంచు నుంచి పక్కకు జారిపోతుంది అమ్మలూ. మధ్యలో మందంగా ఉండి, అంచున పల్చబడుతుంది. తుప్పు ఎప్పుడూ అంచునుంచే వస్తుంది. అందుకని అంచుకు ఒక పూత ఎక్కువ" అన్నారు. ఓడలో మైళ్లకొద్దీ వెల్డింగు గీతలకు మనుషులు అలా చేత్తో బ్రష్షు వేస్తారని అప్పుడే విన్నాను. ఆ తరువాత మొత్తానికి రెండు పూతలు. రెడ్ ఆక్సైడ్‌ను చూసి పనైపోయిందని మురిసిపోకూడదు, దాంట్లోంచి తేమ దిగుతుంది, పైన రంగు పడకుండా వానలో వదిలేస్తే అడుగున తుప్పు నిక్షేపంగా నడుస్తుంది. రోడ్ల పక్కన కట్టి వదిలేసిన ఎర్రని గేట్లు చూస్తే నాకు ఇప్పటికీ చెయ్యి దురద పెడుతుంది.

బోల్టుల సంగతి నాది. నాయనమ్మ ఇత్తడి చెంబులు చింతపండుతో తోమేది కదా అని, తుప్పుపట్టిన బోల్టులన్నీ చింతపండు పులుసులో రాత్రంతా నానబెడదామన్నాను. నాన్న నవ్వకుండా ఒప్పుకున్నారు. పొద్దునకు పులుసు నల్లబడింది, బోల్టులు శుభ్రంగా బూడిదరంగులో వచ్చాయి. నేను గర్వంగా కడిగి ఆరబెట్టాను. మధ్యాహ్నానికి మళ్లీ ఎర్రబడ్డాయి. పులుపు తుప్పును తింటుంది కానీ, తరువాత మరల్లో దాక్కుని ఇనుమునూ తింటుంది. రెండోసారి నాన్న సున్నపు తేటలో ముంచమన్నారు. పులుపు విరిగింది, సున్నపు తేట తడిలో ఇనుము ఎర్రబడదు కూడా. ఆ వెంటనే ఆరబెట్టి నూనెలో వేశాం. ఇప్పుడు బజారులో తుప్పును నల్లటి పొరగా మార్చే మందులు దొరుకుతున్నాయి. వాటిలో చాలావాటికి మూలం ట్యానిక్ ఆమ్లం, అంటే మన కరక్కాయలో ఉండే వగరు లాంటిది. పెడనలో కలంకారీ వాళ్లు తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో ఊరవేసి, కరక్కాయ పెట్టిన గుడ్డ మీద నల్లగా అచ్చు వేస్తారే, లోపల జరిగేది అదే. నాయనమ్మకు ఈ సంగతి చెప్పి ఉంటే చింతపండు మీద పెత్తనం ఇంకా పెరిగేది.

పై రంగుకు మాత్రం నాన్న కంప్రెసరు ఉన్న పెయింటరు దగ్గరకే తీసుకెళ్లారు. కంప్రెసరుతో చల్లే ఆ రంగును ఆ రోజుల్లో డ్యూకో అనేవారు. అది వేయబోయే ముందు కింద ఏ రంగు ఉందో తెలియాలి, మామూలు ఎనామిల్ మీద డ్యూకో పడితే దాని థిన్నరు కింది రంగును లేపేస్తుంది. మా ఎదురింటి వారి స్కూటరు అలాగే ఒక్క పూటలో ముసలమ్మ బుగ్గలా ముడతలు పడింది. వానాకాలంలో వేస్తే ఇంకో తంటా, థిన్నరు ఆవిరవుతూ రేకును చల్లబరిస్తే గాలిలోని తేమ దిగి రంగు పాలిపోతుంది. మా బండి మేలో అయింది కాబట్టి నీలం నీలంగానే వచ్చింది.

చివరిగా నాన్న చేసినదాన్ని అమ్మ క్షమించలేదు. బ్రష్షు దూరని సందులన్నిట్లో వాడేసిన ఇంజిన్ ఆయిలూ మైనమూ కలిపి వేడిచేసి పోశారు. ఫుట్‌బోర్డు అడుగున నల్ల బిటుమిన్ పూశారు. నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా అగ్గిపుల్లలు గుచ్చి ఉంచి, ఆరాక తీశారు. రెండు వారాలపాటు ఎండలో బండి నిలబెట్టినచోటల్లా నల్ల చుక్కలు రాలేవి. వాటిలో కొన్ని అమ్మ గద్వాల చీర కుచ్చిళ్ల మీద పడ్డాయి. ఆ చీర తరువాత చాలాకాలం బండి తుడిచే గుడ్డగా బతికింది. పట్టుచీరతో తుడిచిన స్కూటరు మా వీధిలో మాదొక్కటే.

"ఓడలకు ఇంత చేసినా తుప్పు పడుతుందా?" అని ఒకసారి అడిగాను. పడుతుందన్నారు. అందుకే నీళ్లలో మునిగే భాగానికి జింకు దిమ్మలు బిగిస్తారట. సముద్రం ముందు జింకును తింటుంది, అది ఉన్నన్నాళ్లు ఉక్కు జోలికి రాదు. మరమ్మతుకు వచ్చిన ఓడ మీద సగం అరిగిన సబ్బుబిళ్లల్లా ఉంటాయట. వాటిని విప్పి కొత్తవి పెడతారు.

నాకు పెళ్లయింది, హైదరాబాదు వచ్చేశాను. నాన్న పదవీ విరమణ చేశారు. బండి మాత్రం ఉంది. నడిచేది తక్కువ, తుడుపు ఎక్కువ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడింది. రెండు రోజులపాటు ఇంటికి ఫోను కలవలేదు. కలిసినప్పుడు అమ్మ "అందరం బాగున్నాం" అంది. నాన్న ఫోను తీసుకుని "వేపచెట్టు పడింది, డొప్ప గీసుకుపోయింది" అన్నారు.

జనవరిలో సంక్రాంతికి వెళ్లాను. కనుమ నాడు వడలు తిన్నాక నాన్న నన్ను పెరట్లోకి పిలిచారు. అప్పటికే ఆయనకు నీటికాసుల వల్ల చూపు బాగా తగ్గింది, ఎదురుగా ఉన్నది కొంత కనపడుతుంది, పక్కలు కనపడవు. పీట మీద ఎడమ డొప్ప, పక్కన డబ్బాలు, అన్నీ వరుసగా సర్ది ఉన్నాయి. కొమ్మ గీసినచోట రేకు బయటపడి ఎర్రబడింది. చుట్టూ నీలం కింద పాత రెడ్ ఆక్సైడ్ పట్టుకునే ఉంది. నేను దాన్ని గీకబోతే అది కదలలేదు. నాన్న వేలితో తడిమి, "గట్టిగా ఉన్నదాన్ని ఎందుకు పీకుతావు? అంచు మాత్రం వాలుగా తియ్యి, గోరుకు తగలకూడదు" అన్నారు. రబ్బరు తొడుగులు వేసుకున్నాను. ఆ చప్పుడు విని ఆయన నవ్వారు. ఏమీ అనలేదు.

రుద్దాను, కడిగాను, తుడిచాను. నాన్న మగ్గు అందుకుని, రెండో చేత్తో డొప్ప పై అంచు వెతుక్కుని, నెమ్మదిగా నీళ్లు పోశారు.

"విరిగాయా?"

"లేదు నాన్నా."

"కింది అంచు దగ్గర చూడు."

వంగి చూశాను. మడత పైన నీటిపొర చీలి, ఒక చుక్క విడిగా నిలబడి ఉంది.

"విరిగాయి" అన్నాను.

నాన్న ముఖం పడమటికి తిప్పి, ఎండ ఎంత ఉందో చెంపతో చూసుకున్నారు. "టైము ఉంది, మళ్లీ తుడువు" అన్నారు.